డ్రమ్ములో రెండు సిలిండర్లు, సరస్సులో ఒకటే: 1958 జాన్సన్ 18 అవుట్‌బోర్డ్ ఇగ్నిషన్ కేస్ స్టడీ

ఇంజిను 1958 నాటి జాన్సన్ సీ-హార్స్ 18, పడవ వెనక బిగించే అవుట్‌బోర్డ్ మోటారు. రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్, సుమారు 22 ఘనపు అంగుళాలు, అంటే 360 సీసీ చిల్లర. 4,500 ఆర్‌పీఎం దగ్గర 18 హార్స్‌పవర్. ఇదే ఇంజిను ఎవిన్‌రూడ్ బ్రాండు మీద ఫాస్ట్‌విన్‌గా అమ్ముడైంది. రెండు బ్రాండ్లూ అవుట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్‌వే. ఆ సంస్థ 2000 డిసెంబరులో దివాలా తీసింది. అయినా అమెరికా సరస్సుల మీద ఈ ఇంజిన్లు ఇంకా తిరుగుతున్నాయంటే దానికి ఒక కారణం ఫ్లైవీల్ కింద ఉండే మాగ్నెటో, అంటే ఫ్లైవీల్ అయస్కాంతాలు తిరుగుతుంటే కాయిల్‌లో కరెంటు పుట్టి స్పార్కు ఇచ్చే అమరిక. ఒకే రకం కాయిల్, ఒకే రకం పాయింట్లు (కాయిల్ కరెంటును తెంచే స్విచ్చు), ఒకే రకం కండెన్సర్ ఆ కాలపు చిన్న ట్విన్ మోటార్లలో చాలావాటికి సరిపోతాయి కాబట్టి స్పేర్లు ఇప్పటికీ దొరుకుతాయి. లాంబ్రెట్టా, పాత చేతక్ లాంటి పాయింట్ల స్కూటర్ల మీద పనిచేసిన చేతికి ఈ అమరిక కొత్తేమీ కాదు. తేడా ఒక్కటే: ఇక్కడ ప్రతి సిలిండరుకూ విడిగా ఒక కాయిల్, ఒక జత పాయింట్లు, ఒక కండెన్సర్ ఉంటాయి. బ్యాటరీ లేదు.

ఈ ఇంజినును పూర్తిగా విప్పి పునరుద్ధరించారు. పెయింట్ కొత్తది, కాయిళ్ళు కొత్తవి, పాయింట్లు, ప్లగ్ వైర్లు కొత్తవి. కండెన్సర్లు మాత్రం పాతవే ఉంచారు. నీళ్ళ డ్రమ్ములో పెట్టి తాడు లాగితే వెంటనే అందుకుంటుంది, ఐడిల్‌లో ఎంతసేపైనా ఆగకుండా నడుస్తుంది. పడవకు బిగించి ఫుల్ థ్రాటిల్ మీద తోలితే పావుగంట లోపే ఒక సిలిండర్ వదిలేస్తుంది. చల్లారనిస్తే మళ్ళీ రెండూ పనిచేస్తాయి, కొద్ది నిమిషాలకు మళ్ళీ ఒకటి పోతుంది. మా దగ్గరికి వచ్చేసరికే ప్లగ్గులు మార్చడం, కార్బురేటర్ కిట్ వేయడం, పెట్రోలు-ఆయిల్ కొత్తగా కలపడం అన్నీ అయిపోయాయి.

డ్రమ్ములో ఎందుకు దాక్కుంటుంది

ప్లగ్గు గ్యాప్‌లో స్పార్కు దూకడానికి ఎన్ని వోల్టులు కావాలో సిలిండర్ లోపలి పీడనం నిర్ణయిస్తుంది. ఐడిల్‌లో థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది, లోపలికి వెళ్ళే మిశ్రమం తక్కువ, పీడనం తక్కువ, కాబట్టి బలహీనమైన స్పార్కుతో కూడా పని జరిగిపోతుంది. ఫుల్ థ్రాటిల్‌లో సిలిండర్ నిండా మిశ్రమం చేరుతుంది, కావలసిన వోల్టేజి బాగా పెరుగుతుంది. అదే సమయంలో ఫ్లైవీల్ కింద గాలి ఆడక కాయిళ్ళు వేడెక్కుతాయి. రాగి తీగ రెసిస్టెన్సు ఒక్కో డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 25 డిగ్రీల నుంచి 85కు చేరితే దాదాపు నాలుగో వంతు ఎక్కువ. అంటే కావలసింది పెరుగుతుంటే చేతిలో ఉన్నది తగ్గుతోంది. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయో అక్కడ సిలిండర్ ఆగిపోతుంది. పునరుద్ధరించిన ఇంజినుకు డ్రమ్ము పరీక్ష నీళ్ళ పంపు ఆడుతోందా, లీకులు ఉన్నాయా అని చూడటానికి పనికొస్తుంది. ఇగ్నిషన్‌కు అది పరీక్ష కాదు.

ముందు పెట్రోలా, కరెంటా తేల్చుకోవాలి

కంప్రెషన్ పై సిలిండర్లో 95 పీఎస్‌ఐ, కింద 93. రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయి, ఆ సంగతి అక్కడితో వదిలేయవచ్చు. 

1958 మోడల్‌లో ఫ్యుయల్ పంపు లేదు. క్రాంక్‌కేస్ నుంచి వచ్చే గాలి ఒక గొట్టంలో ట్యాంకులోకి వెళ్ళి పీడనం పెడుతుంది, రెండో గొట్టంలో పెట్రోలు పైకి వస్తుంది. కొత్త మోటార్లకు అలవాటుపడినవాళ్ళు గొట్టం మధ్య రబ్బరు బుడ్డి కోసం వెతుకుతారు. ఇక్కడ అది ఉండదు, ట్యాంకు మీదే నొక్కే ప్రైమర్ ఉంటుంది. సరస్సు మధ్యలో సిలిండర్ వదిలేసిన క్షణంలో ఆ ప్రైమర్‌ను నాలుగుసార్లు నొక్కి చూశాం, మార్పు లేదు. చోక్ సగం లాగితే ఇంకా దిగజారింది. పెట్రోలు చాలకపోయి ఉంటే ఈ రెండింటిలో ఒకదానికైనా ఇంజిను తేరుకునేది. పైగా ఈ ఇంజినుకు కార్బురేటర్ ఒక్కటే, అది రెండు సిలిండర్లకూ పోస్తుంది. ఒక్క సిలిండరే ప్రతిసారీ వదిలేస్తుంటే కార్బురేటర్ మీద అనుమానం చివర పెట్టుకోవడం న్యాయం.

రెండు ప్లగ్ వైర్లలోనూ నియాన్ టెస్టర్లు పెట్టి మళ్ళీ తోలితే కింది సిలిండర్ టెస్టర్ ముందు తడబడి, తరవాత ఆరిపోయింది. పైది వెలుగుతూనే ఉంది. నియాన్ టెస్టర్ చెప్పేది స్పార్కు ఉందా లేదా అన్నంతవరకే, దాని బలం చెప్పదు. బలం చూడాలంటే గ్యాప్ టెస్టర్ కావాలి. ఈ మాగ్నెటోకు ప్రమాణం పావు అంగుళం, అంటే 6.35 మి.మీ. రెండు ప్లగ్గులూ విప్పేసి, రెండు వైర్లకూ టెస్టర్ తగిలించి, తాడు గట్టిగా లాగితే నీలిరంగు స్పార్కు టప్పుమంటూ దూకాలి. ఒక వైరును గాలిలో వదిలేసి తాడు లాగకూడదు. దూకడానికి దారి లేని వోల్టేజి కాయిల్ లోపలి ఇన్సులేషన్ మీద పడుతుంది. టెస్టరును ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టాలి, పీడనంలో ఉన్న పెట్రోలు ట్యాంకు గొట్టం ముందే పీకేసి దూరంగా పెట్టాలి. రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి బయటికి ఊదుతుంటుంది, పక్కనే స్పార్కు పడితే మంటే.

చల్లగా ఉన్నప్పుడు పై సిలిండర్ స్పార్కు 6 మి.మీ. దాటి హాయిగా దూకింది. కిందిది గట్టిగా లాగితేనే దూకింది, రంగు నారింజ. ప్లగ్గులు అటూ ఇటూ మార్చినా లోపం కింది సిలిండర్‌తోనే ఉండిపోయింది. ఇక ఫ్లైవీల్ తీయక తప్పదు.

ఫ్లైవీల్ తీసే పద్ధతి

నట్టు విప్పాక, ఫ్లైవీల్ మీద మరచుట్లున్న మూడు రంధ్రాల్లో బోల్టులు దింపే రకం పుల్లర్ మాత్రమే వాడాలి. అంచు పట్టుకుని లాగే గోళ్ళ పుల్లర్ ఫ్లైవీల్‌ను వంచేస్తుంది. మధ్య బోల్టు బిగించి దాని తల మీద ఒక్క దెబ్బ కొడితే టేపర్ (ఫ్లైవీల్ కూర్చునే క్రాంక్ వాలు కొస) వదులుతుంది. ఫ్లైవీల్‌ను చుట్టూ సుత్తితో కొట్టే అలవాటు వర్క్‌షాపుల్లో కనిపిస్తుంటుంది, అది మానాలి. లోపలి అయస్కాంతాలు పగిలినా, బలం తగ్గినా ఇక ఆ మాగ్నెటోను ఏ కొత్త కాయిలూ బాగుచేయలేదు.

ఫ్లైవీల్ కింద కనిపించినవి

లోపం ఒకటి కాదు, నాలుగు. విడివిడిగా చూస్తే ఏదీ ఇంజినును ఆపేంత పెద్దది కాదు. నాలుగూ కలిసి కింది సిలిండర్ స్పార్కులో మిగులు లేకుండా చేశాయి.

మొదటిది కాయిల్ కూర్చున్న తీరు. కాయిల్ ఇనుప కోర్ చివర్లు మాగ్నెటో ప్లేటు మీద చెక్కిన దిమ్మెల అంచుతో సరిగ్గా సమానంగా ఉండాలి. స్క్రూ రంధ్రాల్లో కొద్దిగా ఆట ఉంటుంది కాబట్టి కాయిల్‌ను ఎలా పడితే అలా బిగించడం సాధ్యమే. ఇక్కడ పై సిలిండర్ కాయిల్ బయటికి పొడుచుకొచ్చి ఉంది, ఫ్లైవీల్ లోపల అయస్కాంతపు అంచు మీద మెరుస్తున్న రాపిడి గీత పడింది. కింది సిలిండర్ కాయిల్ దిమ్మె అంచుకు దాదాపు 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) లోపలికి ఉంది. అయస్కాంతానికీ కోరుకీ మధ్య గాలి ఖాళీ ఎంత పెరిగితే కోరులోకి వచ్చే ఫ్లక్స్ అంత తగ్గుతుంది. ఈ ఖాళీ మామూలుగానే చాలా సన్నం, దాని మీద 15 థౌ కలవడం చిన్న విషయం కాదు.

రెండోది పెయింట్, ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యం ఇదే. మాగ్నెటో ప్లేటును శుభ్రంగా తోమి అందంగా పెయింట్ వేశారు, స్క్రూ గుంటల చుట్టూ కూడా. ప్రైమరీ కరెంటు, అంటే పాయింట్లు తెంచే కాయిల్ కరెంటు, తిరిగి వచ్చే దారి ఆ ప్లేటే: కాయిల్ ఎర్త్ వైరు కాయిల్ స్క్రూ కింద, కండెన్సర్ ఎర్త్ దాని బిగింపు పట్టీ కింద, పాయింట్ల ఎర్త్ వాటి అడుగున. మీటర్ వైర్లు రెండూ కలిపి సున్నా చూసుకుని, కింది సిలిండర్ వైపు పాయింట్ల అడుగు నుంచి ప్లేటు పచ్చి అల్యూమినియానికి కొలిస్తే 3 ఓమ్‌లు చూపించింది. స్క్రూను వేలితో కదిపితే 1 నుంచి 5 వరకూ ఊగింది. కాయిల్ ప్రైమరీ వైండింగ్ మొత్తమే సుమారు ఒక ఓమ్ స్థాయిలో ఉంటుంది. దారిలో దానికి మూడింతల అడ్డు పెడితే కరెంటు ఎంత మిగులుతుందో చెప్పనక్కర్లేదు. పై సిలిండర్ వైపు స్క్రూలు పెయింట్‌ను కోసుకుంటూ దిగడం వల్ల అక్కడ ఎర్త్ బాగానే ఉంది. అంటే రెండు సిలిండర్ల మధ్య తేడాకు చాలావరకు కారణం ఒక స్క్రూ ఎలా దిగిందన్నదే. పునరుద్ధరించిన ఏ ఇంజిను వచ్చినా ముందు ఎర్తులు కొలవమనేది ఇందుకే. పాత మురికి ఇంజిన్లలో కంటే కొత్తగా మెరిసేవాటిలో ఈ లోపం ఎక్కువ.

మూడోది పాయింట్ల గ్యాప్. ఉండాల్సింది 20 థౌ, అంటే 0.020 అంగుళం, 0.5 మి.మీ. కింది సిలిండర్ పాయింట్లలో ఉన్నది 14. కామ్‌కు నూనె అందించే ఫెల్ట్ ముక్క ఎండిపోయి గట్టిపడింది, ఎండు కామ్ మీద రుద్దుకుని పాయింట్ల ఫైబర్ దిమ్మె అరిగింది. గ్యాప్ తగ్గితే రెండు రకాల నష్టం. పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి కాబట్టి ఆ సిలిండర్ టైమింగ్ వెనక్కి పోతుంది. అంతకంటే పెద్ద నష్టం, మాగ్నెటోలో ప్రైమరీ కరెంటు శిఖరంలో ఉండే సమయం చాలా కొద్దిది, పాయింట్లు తెరుచుకోవలసింది అప్పుడే. స్పార్కు పుట్టేది ఆ కరెంటు కూలినప్పుడే, ఆ క్షణం దాటాక తెరిస్తే కూలిపోవడానికి అక్కడ కరెంటే పెద్దగా ఉండదు. బ్యాటరీ ఇగ్నిషన్‌లో గ్యాప్ తేడా టైమింగ్‌నే ముందు చెడగొడుతుంది. మాగ్నెటోలో స్పార్కు బలాన్ని కూడా తినేస్తుంది.

నాలుగోది ప్లగ్ వైరు. వేసినవి కార్లకు వాడే కార్బన్ కోర్ వైర్లు. ఈ కాయిల్ గుంటలో ఒక సూది ఉంటుంది, వైరు చివరను దాని మీద తిప్పుతూ గుచ్చాలి. రాగి తీగల మధ్య ఆ సూది గట్టిగా పట్టుకుంటుంది. కార్బన్ దారంలో గుచ్చితే దారం చెదిరి, స్పార్కు అక్కడే పడుతూ కాలిపోతూ వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే 14 కిలో ఓమ్‌లు, హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి కొద్దిగా వంచితే సర్క్యూటే తెగిపోయింది. వేడెక్కాక ఆగి, చల్లారాక తేరుకోవడానికి చివరి కారణం ఇది.

కాయిల్స్ రెండూ బాగున్నాయి. ఆ కాలపు అసలు కాయిళ్ళైతే మొదటి అనుమానం వాటి మీదే పెట్టాలి, పై పూత నెర్రెలు విచ్చి తేమ లోపలికి వెళ్ళడం వాటికి సర్వసాధారణం. నెర్రె కనిపిస్తే కొలవడం కూడా అనవసరం, మార్చేయడమే. కానీ కాయిల్ కొత్తదైనంత మాత్రాన సందేహం తీరదు, ఓమ్ మీటరు చెప్పేదీ సగమే. వైండింగ్ తెగిందో లేదో అది చెబుతుంది, వేల వోల్టుల కింద ఇన్సులేషన్ నిలబడుతుందో లేదో చెప్పలేదు. అందుకే కాయిల్‌ను డ్రయర్‌తో చెయ్యి పెట్టలేనంత వేడి చేసి, వెంటనే ఫ్లైవీల్ పెట్టి గ్యాప్ టెస్టర్ చూడటం నమ్మదగిన పరీక్ష.

కండెన్సర్లు 0.20, 0.21 మైక్రోఫారడ్ చూపించాయి. ఉండాల్సింది 0.18 నుంచి 0.22. 250 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) చూస్తే చల్లగానూ వేడిగానూ లీకేజీ లేదు. పాయింట్ల ముఖాలు నల్లబడలేదు, గుంటలు పడలేదు. అందుకే కండెన్సర్లు పాతవే ఉంచేశాం. కండెన్సర్ పాతదైతే మార్చేయాలనే అలవాటుతో మేము ఏకీభవించం. ఇప్పుడు దొరికే కొత్తవాటిలో నాసిరకం చాలా ఉంది, పరీక్షలో నిలిచిన పాతదాన్ని తీసి పరీక్షించని కొత్తది వేయడం వెనకడుగే.

మరమ్మత్తు

ప్లేటు మీద ఎర్త్ దారులన్నీ, అంటే కాయిల్ స్క్రూ, కండెన్సర్ పట్టీ, పాయింట్ల అడుగు, మూడు చోట్లా రెండు సిలిండర్ల వైపూ పెయింట్‌ను మెరిసే అల్యూమినియం కనిపించేదాకా గీశాం. కాయిల్ ఎర్త్ ట్యాగు కింద పళ్ళ వాషర్ వేశాం. మళ్ళీ కొలిస్తే అన్నీ 0.1 ఓమ్ లోపే.

కాయిల్ కోర్ చివర్లు దిమ్మె అంచుతో సమానంగా ఉన్నాయో లేదో గోరుతో తెలుస్తుంది: దిమ్మె మీద నుంచి కోర్ మీదికి గోరు జారిస్తే ఎక్కడా తట్టకూడదు. స్క్రూలు బిగించేటప్పుడు కాయిల్ కదులుతుంది కాబట్టి బిగించాక మళ్ళీ చూడాలి. కోర్ చివర్లకు మార్కర్ ఇంకు పూసి, ఫ్లైవీల్ పెట్టి చేత్తో కొన్ని చుట్లు తిప్పి తీసి చూస్తే, ఇంకు చెరిగిన చోటే రాపిడి.

ప్లగ్ వైర్లకు 7 మి.మీ. రాగి తీగల వైరు. చివర నిటారుగా కోసి, కాయిల్ గుంటలో కొద్దిగా సిలికాన్ గ్రీజు పెట్టి, సూది మీద గట్టిగా నొక్కుతూ తిప్పాం. రెండో చివర బూటు, అంటే ప్లగ్గు తొడుగులోని స్ప్రింగు ముల్లు కూడా తీగల మధ్యలోంచే దిగాలి, పక్కనుంచి రబ్బరులోకి కాదు. ప్లగ్గులు ఛాంపియన్ జె6సి, గ్యాప్ 30 థౌ. 

కామ్ ఫెల్ట్ కొత్తది పెట్టి ఎస్‌ఏఈ 30 ఆయిల్ కొన్ని చుక్కలు మాత్రమే. కారితే అది పాయింట్ల మీదికి చేరుతుంది. కామ్‌కు పైకి ఉండాల్సిన వైపు 'టాప్' అని ముద్రించి ఉంటుంది, విప్పినవాళ్ళు తిరగేసి పెడితే టైమింగ్ మొత్తం తప్పుతుంది. ఇక్కడ అది సరిగ్గానే ఉంది.

పాయింట్లు రెండు జతలూ కొత్తవి వేశాం. ప్యాకెట్ నుంచి తీసిన పాయింట్ల ముఖాలకు తుప్పు పట్టకుండా సన్నని నూనె పొర ఉంటుంది. దాన్ని థిన్నర్‌లో తడిపిన గట్టి కాగితంతో తుడవకపోతే కొత్త పాయింట్లతోనే స్పార్కు రాదు. గ్యాప్ చూసేటప్పుడు ప్లగ్గులు తీసేసి, క్రాంక్ మీద ఫ్లైవీల్ నట్టును తాత్కాలికంగా పెట్టి, సవ్యదిశలోనే తిప్పి, ఫ్లైవీల్ కీ పాయింట్ల ఫైబర్ దిమ్మెకు ఎదురుగా వచ్చినప్పుడు ఆపాలి. అప్పుడు పాయింట్లు పూర్తిగా తెరుచుకుని ఉంటాయి. 19 థౌ ఫీలర్ (ఖాళీ కొలిచే సన్నని రేకు) సులువుగా వెళ్ళాలి, 21 వెళ్ళకూడదు. స్క్రూ బిగించాక మళ్ళీ కొలవాలి, బిగింపులోనే ఒకటి రెండు థౌ మారుతుంది.

ఆ తరవాత మీటరుతో సరిచూడటం. పాయింట్ల నుంచి కాయిల్, కండెన్సర్ వైర్లు విప్పాలి. విప్పకపోతే ప్రైమరీ వైండింగ్ దారిలో మీటరు ఎప్పుడూ షార్టే చూపిస్తుంది, పాయింట్లు తెరుచుకున్నట్టు తెలియదు. రెండు జతలూ సరిగ్గా అర చుట్టు తేడాతో తెరుచుకోవాలి. ఫీలర్ ప్రకారం రెండూ 20 ఉన్నా ఇక్కడ తేడా కనిపిస్తే ప్లేటు బేరింగ్‌లో ఊగుతోందన్నమాట.

థ్రాటిల్ తిప్పినప్పుడల్లా ఈ ప్లేటు కూడా తిరుగుతుంది, టైమింగ్ అడ్వాన్స్ అలాగే వస్తుంది. కాబట్టి దాని మీది వైర్లన్నీ ప్రతిసారీ వంగుతాయి. పైకి ఇన్సులేషన్ బాగుండి లోపల తీగ తెగిన వైర్లు ఇలాంటి చోటే పుడతాయి, ఒక థ్రాటిల్ స్థానంలో మాత్రమే మిస్ కొట్టే ఇంజిన్లలో ముందు ఇదే చూడాలి. ఈ ఇంజినులో వైర్లకు తెగుదల లేదు, కానీ ఒక వైరు ఫ్లైవీల్‌కు మరీ దగ్గరగా ఉంది, దాన్ని క్లిప్పు కిందికి తోశాం.

క్రాంక్ టేపరూ ఫ్లైవీల్ లోపలి టేపరూ థిన్నర్‌తో తుడిచి పొడిగా బిగించాలి, గ్రీజు వద్దు. ఫ్లైవీల్‌ను పట్టి ఉంచేది టేపరే, కీ స్థానాన్ని మాత్రమే చూపిస్తుంది. ఆ కీ టేపర్ వాలుకు కాదు, క్రాంక్ అక్షానికి సమాంతరంగా కూర్చోవాలి. నట్టు 40 నుంచి 45 ఫుట్-పౌండ్లు, అంటే 54 నుంచి 61 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచి లేకుండా బిగించిన ఫ్లైవీల్ వదులై కీ కోసుకుపోతే టైమింగే కాదు, క్రాంకు కూడా పాడవుతుంది.

ఫలితం

గ్యాప్ టెస్టర్‌లో రెండు సిలిండర్లూ పావు అంగుళం దాటాయి, తాడు మెల్లగా లాగినా కింది సిలిండర్ నీలిరంగు స్పార్కు ఇచ్చింది. పరీక్ష మాత్రం సరస్సులోనే పెట్టాం: రెండు వైర్లలో నియాన్ టెస్టర్లు, టాకోమీటర్, ఫుల్ థ్రాటిల్‌లో గంట ఆగకుండా. టాకోమీటర్ మొదటినుంచి చివరిదాకా 4,400 దగ్గరే నిలబడింది, టెస్టర్లు రెండూ ఒకే తీరుగా వెలిగాయి. థ్రాటిల్ అలాగే ఉంచి ఇంజిను ఆపి, వేడి తగ్గకముందే ప్లగ్గులు తీస్తే రెండింటి పింగాణీ ఒకే లేత గోధుమ రంగులో ఉంది.

కొత్త పాయింట్ల ఫైబర్ దిమ్మె మొదటి పది గంటల్లో కామ్ మీద సర్దుకుంటుంది, గ్యాప్ కొద్దిగా మూసుకుంటుంది. అప్పుడు మళ్ళీ కొలవడానికి ఈ ఫ్లైవీల్ తీయనక్కర్లేదు, దాని మీద ఉన్న కిటికీ లాంటి రంధ్రంలోంచి ఫీలర్ దూరుతుంది. ఆ సర్దుబాటు అయ్యాక, ఏటా సీజన్ ముందు గ్యాప్ ఒకసారి చూసి, ఫెల్టుకు రెండు చుక్కల ఆయిల్ వేస్తే చాలు.